గేర్ రాడ్డు మీద చెయ్యి

బెంగళూరు కాడుగోడిలో కారు నేర్చుకున్న ఆడవాళ్ళలో ఎవరినైనా ఆపి అడగండి. సొన్నమ్మ మొహం ఎలా ఉంటుందో చాలామంది చెప్పలేరు. ఆమె అరచెయ్యి ఎలా ఉంటుందో మాత్రం అందరూ చెబుతారు. వాళ్ళని అనడానికి లేదు. కొత్తగా స్టీరింగు పట్టుకున్న మనిషి పక్కకి తిరిగి మొహాలు చూస్తుందా? కళ్ళు రోడ్డుకి అతుక్కుపోయి ఉంటాయి. ఎడమ సీట్లో కూర్చుని నేర్పే మనిషి ఆ కాసేపూ వాళ్ళకి ఒక గొంతు, ఒక చెయ్యి, అంతే.

గేర్ రాడ్డు పట్టుకున్న ఎడమచేతి మీద సొన్నమ్మ కుడిచెయ్యి వచ్చి పడుతుంది. జ్వరం ఉందేమోనని నుదురు చూసే చెయ్యిలా, అంతే బరువుతో. క్లచ్ తొక్కగానే ఆ చెయ్యి వాళ్ళ చేతిని వెంటబెట్టుకుని పోయి గేరులో దింపుతుంది. ఇటు, అటు, కిందకి అని కేకలు పెట్టడం ఆమెకు చేతకాదు. మూడో క్లాసు దాకా చెయ్యి ఉంటుంది, నాలుగో క్లాసులో తీసేస్తుంది. తీసేసిన రోజున ప్రతి ఒక్కరూ ఒకటే మాట అంటారు: "ఉండనీండక్కా, ఇంకా పూర్తిగా రాలేదు."

"వచ్చింది పోమ్మా," అని కసురుతుంది సొన్నమ్మ. కసురుతుంది గానీ ఆ మాట వినడం ఆమెకు ఎంతో ఇష్టం.

ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. పాతికేళ్ళు దాటిన కొత్తలో మునినారాయణప్ప డ్రైవింగ్ స్కూల్లో ఫోన్లు ఎత్తే పనికి కుదిరింది. ఆడవాళ్ళు వచ్చి, నేర్పేది మగవాళ్ళని తెలిసి, రేపొస్తామని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రేపు వచ్చేది కాదు. చూసి చూసి మునినారాయణప్ప సొన్నమ్మకే కారు నేర్పించి, ఆ పని అప్పజెప్పాలనుకున్నాడు. ఆయన పద్ధతైన మనిషి. పరాయి ఆడపిల్ల చెయ్యి ముట్టుకోకూడదని, బడిపిల్లలు గీతలు గీసుకునే చెక్క స్కేలు ఒకటి పట్టుకుని పక్కన కూర్చునేవాడు. గేరు తప్పితే స్కేలుతో వేళ్ళ మీద టకటకా తట్టేవాడు. "అట్ల కాదమ్మా, ఇట్ల, ఇట్ల." ఎట్లాగో స్కేలు ఏం చెబుతుంది? తప్పని మాత్రం చెబుతుంది. తను నేర్పే రోజు వస్తే స్కేలు పట్టనని సొన్నమ్మ అప్పుడే నిశ్చయించుకుంది.

ఇక ఆమె ఇంటి సంగతి. పాత ఊరి లోపల తమ్ముడు కట్టుకున్న మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక రేకుల గది. నడిమి అంతస్తులన్నీ ఐటీ పిల్లలకి అద్దెకిచ్చారు. తమ్ముడూ మరదలూ చెడ్డవాళ్ళు కారు. సాయంత్రం మరదలు క్యారియరు తెచ్చి మెట్ల మీద పెట్టి, "వదినా, పెట్టినా," అని కేకేసి దిగిపోతుంది. ఆమె పనులు ఆమెవి. సొన్నమ్మ పెళ్ళి చేసుకోలేదు. చేసుకోవలసిన వయసులో తల్లికి పక్షవాతం వచ్చింది. పగలు కారు నేర్పి, ఇంటికొచ్చి తల్లిని లేపి, కూర్చోబెట్టి, నీళ్ళు పోసి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి, ఏళ్ళకేళ్ళు అలాగే గడిచిపోయాయి. తల్లి పోయింది. చేతులు ఖాళీ అయ్యాయి.

ఈ లోకంలో ఒక మనిషి ఇంకో మనిషిని ముట్టుకోవాలంటే ఏదో ఒక కారణం కావాలి. ఎత్తుకోవడానికి పసిబిడ్డో, జడ వెయ్యడానికి కూతురో, పోట్లాడి మళ్ళీ దగ్గరికి తీసుకోవడానికి మొగుడో. సొన్నమ్మకి మిగిలిన కారణం గేర్ రాడ్డు ఒక్కటే. రోజు మొత్తం మీద ఆమె ఒంటికి ఇంకో మనిషి తగిలేది దాని మీదే. ఆఫీసు ఏసీలోంచి వచ్చిన చల్లటి చేతులు, గోరింటాకు పండిన చేతులు, దోసెల పిండి వాసన వేసే చేతులు, భయంతో చెమటపట్టి జారిపోయే చేతులు. మనుషుల పేర్లు మరిచిపోయేది గానీ చేతులు మరిచిపోయేది కాదు. ఆ స్పర్శ కోసమే తను పొద్దున్నే లేస్తున్నానని ఆమెకు తెలుసు. ఇలాంటిది నోరు తెరిచి ఎవరికి చెప్పుకుంటారు? చెప్పుకోలేదు.

స్కూలు కారు పాతది. దాని గేర్ రాడ్డు కంటే సాంబారు గిన్నెలో గరిటె నయం. అడుగున రాడ్డుని పట్టి ఉంచే ప్లాస్టిక్ బుష్ అరిగిపోయి, న్యూట్రల్లో కూడా అది ఇటు జానెడు, అటు జానెడు ఊగుతూ ఉండేది. ఫస్ట్ అనుకుంటే థర్డ్ పడేది, థర్డ్ అనుకుంటే ఏదీ పడేది కాదు. పైనున్న నాబ్ మీద అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి. సొన్నమ్మ చెయ్యి ఉంటే మాత్రం నోరెత్తకుండా పడేది.

మునినారాయణప్ప కొడుకు దర్శన్‌కి కార్ల పిచ్చి. హోప్ ఫామ్ దగ్గర కార్ల సామాన్ల అంగడి పెట్టుకున్నాడు. ఒకరోజు తండ్రితో కలిసి స్కూలుకొచ్చి, కారులో కూర్చుని రాడ్డుని ఒక్క ఊపు ఊపి, కుళ్ళిన వంకాయ కోసినట్టు మొహం పెట్టాడు.

"ఇదేం గేరత్తా? ఉయ్యాల ఊగినట్ల ఊగుతాండాది. షార్ట్ షిఫ్టర్ వేస్తాం. రాడ్డు పొట్టిగా ఉంటాది. చెయ్యి అంత దూరం పొయ్యే పనే లేదు, స్వల్ప జరిగితే సాలు, టక్ అని పడతాది. కండ్లు మూసుకొని వెయ్యొచ్చు."

"కండ్లు మూసుకొని కారు నేర్పే కర్మ నాకేలప్పా," అంది సొన్నమ్మ.

మునినారాయణప్ప గడ్డం గోక్కుంటూ వద్దన్నాడు. "అంత దూరం బ్యాడప్పా. బుష్ మారిస్తే సాలు, ముక్కాలు భాగం ఊపు తగ్గిపోతాది. పొట్టి రాడ్డయితే బిగువు ఎక్కువ. ట్రాఫిక్‌లో వేసి వేసి మణికట్టు నొస్తాది."

"బుష్ వేస్తే ఊపు తగ్గుతాది, దూరం తగ్గదు గదా నాయినా. నా పాత కారుకు వేసిన కిట్టు అట్లే ఉండాది. ఇదే మోడలు. కొనే పని గూడా లేదు."

"అంత బాగుంటే దాన్ని ఏల పీకేస్తివప్పా?" అని అడిగింది సొన్నమ్మ.

దర్శన్ రాడ్డు వదిలేసి కారు దిగాడు. "ఆ కారు అమ్మేస్తిని. అమ్మేముందు తీసి పెట్టుకుంటి. ఇప్పుడు నాది ఆటోమేటిక్."

గేరే లేని బండి నడుపుతూ ఊళ్ళోవాళ్ళ గేర్లు బాగుచెయ్యడానికి బయలుదేరిన మనిషిని చూసి సొన్నమ్మకి నవ్వాగలేదు. నవ్వి, మళ్ళీ మొహం గట్టిగా పెట్టుకుంది.

"బుష్షూ బ్యాడ, పొట్టి రాడ్డూ బ్యాడ. ఈడ నేర్చుకున్నోళ్ళు పొయ్యి వాళ్ళ ఇంట్లో ఉండే పాత కార్లే నడపాల గదా. వాటిల్లో టక్ అని పడతాదా? ఊగే రాడ్డుతో నేర్చుకుంటే ఏ కారయినా తోలతారు."

వాదనలో పసలేకపోలేదు. తండ్రి తలూపాడు, కొడుకు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు. సొన్నమ్మ మాత్రం గెలిచినదానిలా లేదు. ఆమె లోపలున్న మాట వేరే. రాడ్డు బాగుపడితే, దాని మీద తన చెయ్యి ఎందుకు?

జెస్సీ ఆ నెలలోనే చేరింది. తెనాలి వైపు పిల్ల. మహదేవపురలో ఉద్యోగం, కాడుగోడిలో పీజీలో మకాం. ఆఫీసు క్యాబు కోసం కాచుకుని కాచుకుని విసుగెత్తి కారు నేర్చుకుందామనుకుంది. సన్నటి ఉంగరం ఉన్న చిన్న చెయ్యి, గోళ్ళు కొరుక్కునే అలవాటు. నోరు మాత్రం ఒక్క నిమిషం మూతపడదు. కారెక్కగానే ముందు, "టిఫిన్ చేశారా అక్కా?" అని అడిగేది. సొన్నమ్మని ఆ మాట అడిగే మనిషి ఈ మధ్యకాలంలో ఇంకొకరు లేరు.

"అక్కా, మీ చెయ్యి ఉంటే ఈ గేరు ఎంత స్మూత్‌గా పడుతుందో! మీరు తీస్తే చాలు, దీనికి నా మీద పగ," అనేది.

నాలుగో క్లాసు వచ్చింది. జెస్సీ కూడా అందరూ అనే మాటే అంది: "ఉండనీండక్కా, ఇంకా పూర్తిగా రాలేదు." సొన్నమ్మ కసరబోయి ఆగిపోయింది. ఈ ఒక్క రోజుకి ఉంచితే ఏం పోతుంది అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది. ఆఖరి క్లాసు దాకా ఆ చెయ్యి జెస్సీ చేతి మీద నుంచి లేవలేదు. ఇన్నేళ్ళలో తన పద్ధతి తనే తప్పడం అదే మొదటిసారి.

లైసెన్సు టెస్టు రోజున పక్క సీట్లో ఇన్‌స్పెక్టర్ కూర్చున్నాడు. సొన్నమ్మ ట్రాక్ బయట కమ్మీల దగ్గర నిలబడి చూస్తోంది. ఎత్తు మీద కారు ఆపి మళ్ళీ కదిలించాలి. జెస్సీ ఫస్ట్ అనుకుని వేసింది, థర్డ్ పడింది. కారు దగ్గి, ఆగిపోయి, వెనక్కి జారింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. మళ్ళీ థర్డే. ఇంకోసారి రాడ్డు మీద చెయ్యి పెట్టి, కదపకుండా, పక్కకి చూసింది. ఇన్‌స్పెక్టర్ చేతులు రెండూ ఆయన ఒళ్ళో ఉన్నాయి. అలవాటైన చెయ్యి బయట ఇనప కమ్మీని పట్టుకుని ఉంది.

తిరిగొచ్చేటప్పుడు సొన్నమ్మే నడిపింది. పక్కన జెస్సీ చున్నీతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది. "నాకు రాదక్కా. నేనింతే. చిన్నప్పటినుంచీ ఎగ్జామ్ అంటే వచ్చింది కూడా మరిచిపోతాను."

"గేరు సరిగా లేదమ్మా. నీదేం తప్పు లేదు," అంది సొన్నమ్మ.

అది సగం నిజం. మిగతా సగం చెప్పుకునేది కాదు. నా ఒంటరితనానికి నీ చెయ్యి వాడుకున్నానమ్మా అని ఒక పిల్లతో ఎలా అంటుంది? సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. జెస్సీని పీజీ దగ్గర దించి, కారు నేరుగా హోప్ ఫామ్ వైపు తిప్పింది.

"దర్శన్, ఆ పొట్టి రాడ్డు వేసెయ్యప్పా."

"బ్యాడంటివి గదత్తా?"

"ఇప్పుడు కావాలంటాండా. బుష్ గూడా మార్చు. ఊపనేది ఉండకూడదు."

సాయంత్రానికల్లా పాత రాడ్డు ఊడి అంగడి మూలకి చేరింది. కొత్తది మోకాలి కంటే కిందే ఆగిపోయింది. దాని తల మీద నిమ్మకాయంత స్టీలు నాబ్. సొన్నమ్మ దాన్ని పట్టుకుని చూసింది. ఒక అరచెయ్యి పెడితే సరిగ్గా నిండిపోయింది. ఇంకో చెయ్యి పట్టే చోటు లేదు.

పెట్టినదానికి ఫలితం ఉందా అంటే, ఉంది, నిక్షేపంగా ఉంది. దర్శన్ అబద్ధం చెప్పలేదు. మొదటి క్లాసులోనే పిల్లలు గేర్లు వాళ్ళంతట వాళ్ళే వేసుకున్నారు. ఫస్ట్ వెయ్యబోయి థర్డ్ వేసిన మనిషే లేదు. మునినారాయణప్ప చెప్పిందీ నిజమే. సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి కదిలే రోజుల్లో చెయ్యి నొప్పి పుడుతోందని పిల్లలు అనేవాళ్ళు. మధ్యాహ్నప్పూట స్టీలు నాబ్ కాలిపోతుంటే రుమాలు చుట్టుకునేవాళ్ళు. అయినా కొత్త రాడ్డే బాగుందన్నారు. జెస్సీకి దాని మీద ఇంకో నాలుగు క్లాసులు చెప్పింది సొన్నమ్మ, చేతులు కట్టుకుని. రెండోసారి టెస్టులో జెస్సీ ఎత్తు ఎక్కి దిగింది. ఆఫీసుకి టైమైపోతోందని అటునుంచి అటే వెళ్ళిపోయి, ఫోన్లో అరిచింది: "అక్కా, పాస్! మీరు గ్రేట్ అక్కా!" ఆ తర్వాత అందరూ వెళ్ళిపోయినట్టే ఆమె కూడా వెళ్ళిపోయింది.

సొన్నమ్మ కుడిచెయ్యి కొన్నాళ్ళు అలవాటు కొద్దీ లేచేది. లేచి, మధ్యలో ఆగి, సీటు బెల్టు సర్దుకుంటున్నట్టు నటించి, ఒళ్ళోకి వచ్చి పడేది. ఒక పిల్లయితే, "ఆంటీ, ఐ కెన్ మేనేజ్, ప్లీజ్," అంది. తప్పు మాటేం కాదు, నేర్చుకోవడానికి వచ్చిందే మేనేజ్ చెయ్యడానికి. అయినా ఆ రోజంతా సొన్నమ్మకి అన్నం సయించలేదు.

కాడుగోడి సంతలో కూరగాయలామె పూర్వం చిల్లర అరచేతిలో పెట్టేది. ఇప్పుడు ఫోను చూపించి, డబ్బు పడిందని పెట్టె అరిస్తే, సంచి తీసుకుని రావడమే. క్యారియరు మెట్ల మీద ఉంటుంది. బస్సులో అయినా జనం రాసుకుంటారు గానీ ఆమెకు స్కూలు నడుచుకుంటూ పోయే దూరమే. గదిలో కూర్చుని కొబ్బరినూనె రాసుకుంటూ, కుడిచేతిని ఎడమచేతి మీద పెట్టి చూసుకుంది ఒకసారి. రెండూ తనవే. నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది. కింద అంతస్తులో పిల్లలు క్రికెట్ చూస్తూ కేకలు పెడుతున్నారు కాబట్టి సరిపోయింది, ఎవరికీ వినపడలేదు.

వానలు వచ్చి పోయాయి. పొద్దున్నే షెడ్డులోంచి కారు తియ్యడం, సాయంత్రం పెట్టడం సొన్నమ్మ పనే. అలా తీస్తూ పెడుతూ ఆమె ఎడమచెయ్యి కూడా ఆ పొట్టి దూరానికి అలవాటుపడిపోయింది. ఆ సంగతి ఆమె గమనించలేదు.

ఒక ఆదివారం స్కూలు ముందు హారన్ మోగింది. బయటికొచ్చి చూస్తే జెస్సీ. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తెల్ల చీరలో ఉంది. కారు పాతది, ఒక తలుపు రంగు ఇంకో తలుపు రంగుతో కలవడం లేదు. అద్దానికి చిన్న శిలువ వేలాడుతోంది.

"అక్కా, సెకండ్ హ్యాండ్! చెప్పకుండా కొనేశాను. టిఫిన్ చేశారా?" అంటూ దిగి, లోపలికి చెయ్యి పెట్టి రాడ్డుని ఊపి చూపించింది. "చూడండి దీన్ని. మన పాత కారు గేరుకి సొంత చెల్లెలు!"

సొన్నమ్మ చూసింది. అదే ఊపు, ఇటు జానెడు, అటు జానెడు.

"ఫస్ట్ వీక్ నరకం అక్కా. స్కూల్లో కొంచెం తోస్తే టక్ అని పడేది కదా, దీన్ని అలాగే తోస్తే పడేదే కాదు. వైట్‌ఫీల్డ్ రోడ్డు మధ్యలో నిలబెట్టేసి ఎన్ని తిట్లు తిన్నానో! ఇప్పుడు కిటుకు తెలిసిపోయింది."

ఆ రోజు తండ్రీ కొడుకుల ముందు పాత కార్ల గురించి తను సాకుగా చెప్పిన మాట చివరికి నిజమైందన్నమాట. సొన్నమ్మకి అందులో సంతోషమేమీ కనిపించలేదు.

"మీరే తోలండక్కా. నేను పక్కన కూర్చుంటా. ఎప్పుడూ మీరే కదా నా పక్కన కూర్చునేది," అని జెస్సీ తాళం ఆమె చేతిలో పెట్టి ఎడమవైపుకి వెళ్ళిపోయింది.

బెళతూరు వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఫస్ట్ పడింది, సెకండ్ ఎలాగో పడింది. థర్డ్‌కి సొన్నమ్మ క్లచ్ తొక్కి రాడ్డు తోసింది. తోసి, టక్ అనవలసిన చోట చెయ్యి ఆపేసింది. రాడ్డుకి అది సగం దూరమే. కారు గర్రుమని అరిచింది. ఇంతమందికి నేర్పిన మనిషి గేరు అరిపించింది! సొన్నమ్మ సిగ్గుపడి మళ్ళీ తోసింది. చెయ్యి మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"అయ్యో, అక్కడ కాదక్కా. ఇంకా లోపలికి," అంటూ జెస్సీ కుడిచెయ్యి వచ్చి ఆమె ఎడమచేతి మీద పడింది. సన్నటి ఉంగరం, కొరికిన గోళ్ళు. "ఇదిగో, ఇలా పక్కకి ఆనించి, ఇలా..." మెత్తగా తీసుకుపోయి థర్డ్‌లో దింపింది. అచ్చం సొన్నమ్మ పద్ధతే, అదే బరువు.

ఇన్నేళ్ళలో గేర్ రాడ్డు మీదున్న ఆ చేతిని తాకింది ఒక్క చెక్క స్కేలే. సొన్నమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోడ్డు కనపడటానికి రెప్పలు గట్టిగా ఆర్పింది. జెస్సీ గమనించలేదు. గేరు పడింది కదాని చెయ్యి తీసేసి, ఆఫీసు కబుర్లు మొదలుపెట్టింది. ఆమె చెయ్యి పడిన చోట ఇంకా వెచ్చగా ఉంది.

ముందు రోడ్డు ఇంకా సాఫుగా ఉంది. ఫోర్త్ వెయ్యాలి. ఎంత దూరం లాగాలో ఈసారి సొన్నమ్మకి తెలుసు, పాత అలవాటు చేతిలోకి తిరిగొచ్చేసింది. క్లచ్ తొక్కింది. లాగింది. తెలిసి తెలిసి సగంలో ఆపింది.

కారు గర్రుమంది.

"ఏంటక్కా, మళ్ళీనా?" జెస్సీ పకపకా నవ్వి, చెయ్యి చాచి ఆమె చేతి మీద పెట్టింది. గేరు పడింది. జెస్సీ చెయ్యి తియ్యబోయింది.

"ఉండనీమ్మా," అంది సొన్నమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా పూర్తిగా రాలా."